భర్త రాసిచ్చిన పూచీ పత్రం - భార్య హక్కు

(అనంతపురంలో స్త్రీల సంఘాల కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగానికి రాత రూపం)



ఈ సమావేశానికి పిలిచినప్పుడు నాకిచ్చిన అంశం 'విదేశీ సంబంధాలు, స్త్రీల సమస్యలు'. చాలా పెద్ద అంశం. దాని కింద ఏమైనా మాట్లాడవచ్చు. ఏమీ చెప్పకుండా గంటసేపు మాట్లాడి దిగిపోవచ్చు కూడా. అందుకని నేను ఒకే ఒక్క కాగితం గురించి మాట్లాడతాను. అమెరికాలో స్థిరపడిన భర్త ఇక్కడున్న భార్యను శాశ్వత నివాసానికి తీసుకుపోవాలంటే, ఆమె పోషణకు తనది పూచీ అని ఆ ప్రభుత్వానికి రాసిచ్చే పత్రం అది. దాని నంబరు ఐ-864. అక్కడ 'అఫిడవిట్ ఆఫ్ సపోర్ట్' అంటారు. మనం పూచీ పత్రం అనుకుందాం.

శెనక్కాయ పంట పోయి, బోర్లు ఎండి, పిల్లల్ని ముసలివాళ్ల దగ్గర వదిలి బెంగళూరుకు కూలికి పోయే ఆడవాళ్ల మధ్య పనిచేసే మీకు ఈ అమెరికా కాగితం ఎందుకని అనిపించవచ్చు. న్యాయమైన ప్రశ్నే. అయితే ఈ రెండూ వేర్వేరు కథలు కావు. చేను కూడు పెట్టదని తేలిపోయిన తర్వాతే కదా మన దగ్గర కాస్తో కూస్తో భూమి ఉన్న కుటుంబాలు చదువు వైపు, చదువు నుంచి విదేశీ సంబంధం వైపు మళ్లింది. 1948 నుంచి ఈ ఊళ్లో ఇంజనీరింగ్ కాలేజీ ఉంది. అందులో చదివిన మగపిల్లలు ఎక్కడెక్కడికో పోయారు. వాళ్లకు పిల్లనివ్వడానికి ఆడపిల్లల తండ్రులు అమ్మిన చేన్లు మాత్రం ఇక్కడే ఉన్నాయి. కరువు నేలలో ఎకరా అమ్మితే వచ్చేది ఎంతో మీకు తెలుసు. అంత అమ్మి కుదిర్చిన పెళ్లిలో ఆ అమ్మాయి చేతిలో ఏ హామీ ఉందో చూడటం మన పనే అనుకుంటాను.

కళ్యాణదుర్గం వైపు ఒక ఊళ్లో నాతో మాట్లాడిన ఒకామె, ముంబయి కాన్సులేట్‌లో ఇంటర్వ్యూకు తానే మోసుకుపోయిన కాగితాల కట్ట గురించి ఇలా చెప్పింది: "ఆ కట్టలో ఏముండాదో నాకేం తెలుసక్కా? అవన్నీ ఆయప్ప కాగితాలు. ఆడ అడిగితే ఇయ్యమన్నాడు, ఇచ్చినా." ఆమె డిగ్రీ చదివిన మనిషి. చదవలేక కాదు, ఆ కాగితంతో తనకు పనిలేదనుకుంది. అనుకోవడానికి కారణం కూడా ఉంది. పూచీ పత్రం మీద మామూలుగా భార్య సంతకం ఉండదు. రాసేది భర్త, తీసుకునేది అమెరికా ప్రభుత్వం. ఆమె అందులో 'విషయం' మాత్రమే. ఇద్దరు మగవాళ్లు మధ్యలో ఆడపిల్లను కూచోబెట్టి మాట్లాడుకునే పెళ్లిచూపుల్లాగానే ఉంటుంది ఆ కాగితం. ఒక పక్క మొగుడు, ఇంకో పక్క రాజ్యం.

ఆ రాజ్యానికి ఈ కాగితం ఎందుకు కావలసి వచ్చిందో ముందు చూద్దాం. ఆమె మీద దయతో కాదు. తనను తాను పోషించుకోలేక ప్రభుత్వానికి భారమయ్యే మనిషిని దేశంలోకి రానివ్వకూడదని అమెరికా 1882లోనే చట్టం చేసింది. బీదవాళ్లు, రోగులు, వెంట మగదిక్కు లేని ఆడవాళ్లు ఈ నిబంధన కింద ఎక్కువగా అనుమానానికి గురయ్యారు. తర్వాత రోజుల్లో బంధువులు పూచీ రాసిచ్చే పద్ధతి వచ్చింది గాని, ఆ పూచీ నైతికమైనదే తప్ప వసూలు చేసేది కాదని అక్కడి కోర్టులే అన్నాయి. 1996లో సంక్షేమ పథకాలను కోసేస్తూ, వలస చట్టాన్ని బిగిస్తూ చేసిన మార్పుల్లో ఈ పూచీని చట్టబద్ధమైన ఒప్పందంగా మార్చారు. 1997 డిసెంబరు 19 నుంచి ఐ-864 అమల్లోకి వచ్చింది. వాళ్ల ఖజానాను కాపాడుకోవడమే వాళ్ల ఉద్దేశం. కానీ ఆ ఒప్పందాన్ని అమలు చేయమని కోర్టుకు పోయే హక్కును ప్రభుత్వంతో పాటు పూచీ పొందిన మనిషికి కూడా ఇచ్చారు. అంటే భార్యకు. మనకు కావలసింది ఇక్కడుంది.

మీలో చాలామంది పొదుపు సంఘాలతో పనిచేస్తున్నారు. జామీను అంటే ఏమిటో మీకు ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. సంఘంలో ఒకామె కంతు కట్టకపోతే మిగతా తొమ్మిదిమంది ఇంటి ముందుకు బ్యాంకు వాళ్లు వస్తారు. జామీనుదారు 'నాకూ ఆమెకూ ఇప్పుడు మాటల్లేవు' అంటే బ్యాంకు ఒప్పుకుంటుందా? ఒప్పుకోదు. పూచీ పత్రం సంగతి కూడా అంతే. భర్త 'నాకూ ఆమెకూ సంబంధం తెగిపోయింది' అన్నంత మాత్రాన ఆ పూచీ తెగదు. విడాకులైనా తెగదు. ఆ మాట ఫారంలోనే రాసి ఉంటుంది.

మరి ఎప్పుడు తెగుతుంది? ఆమె అమెరికా పౌరురాలైతే తెగుతుంది. ఉద్యోగాల లెక్కలో ఆమె ఖాతాకు నలభై త్రైమాసికాలు, అంటే సుమారు పదేళ్ల పని జమ అయితే తెగుతుంది. కాపురంలో ఉన్నకాలంలో భర్త చేసిన పని కూడా ఆ లెక్కలో కలవవచ్చు. ఇద్దరిలో ఎవరైనా చనిపోతే తెగుతుంది. శాశ్వత నివాస హోదా పోగొట్టుకుని ఆమె దేశం విడిచిపెడితే తెగుతుంది. ఈ చివరిదాన్ని గుర్తుపెట్టుకోండి, మళ్లీ దాని దగ్గరికి వస్తాను.

పూచీ ఎంతకు? అమెరికా ప్రభుత్వం ఏటా ప్రకటించే దారిద్ర్య రేఖ మీద 125 శాతానికి. 2025 లెక్క ప్రకారం ఇద్దరున్న కుటుంబానికి ఆ రేఖ 21,150 డాలర్లు. అందులో 125 శాతం అంటే సుమారు 26,437 డాలర్ల వార్షికాదాయం భర్త చూపించాలి. రేపు ఆమె ఒంటరిగా మిగిలి కోర్టుకు పోతే, ఒక్క మనిషికి 2025 లెక్కలో సుమారు 19,562 డాలర్లు. ఆమెకు సొంత సంపాదన ఉంటే అది పోగా మిగిలింది. ఇక్కడ రూపాయల్లోకి మార్చి చూస్తే పెద్ద మొత్తంలా కనిపిస్తుంది. అక్కడ అది అద్దెకూ తిండికీ సరిపెట్టుకునే డబ్బు. భర్త స్థాయికి తగిన భరణం కాదు, ఆకలి కాని ఆకలి. ఆ తేడా మనం మరిచిపోకూడదు.

ఇక మన జిల్లాకు సంబంధించిన ముఖ్యమైన మాట. 'మీ అమ్మాయి వీసాకు ఆస్తి చూపించాలట, చేను అబ్బాయి పేర రాయండి' అనీ, 'బ్యాంకులో ఇంత వెయ్యండి, అమెరికా వాళ్లు అడుగుతున్నారు' అనీ అత్తవారు అడిగినట్టు నాకు ఇద్దరు ముగ్గురు తండ్రులు చెప్పారు. పూచీ పత్రంలో మొదట చూసేది భర్త ఆదాయం. అతని పన్ను రిటర్ను, జీతం కాగితాలు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే మనిషి జీతం ఇందాక చెప్పిన మొత్తాన్ని సులభంగా దాటిపోతుంది. దాటినప్పుడు ఆస్తి ప్రసక్తే లేదు. దాటకపోతేనే ఆస్తి లెక్క వస్తుంది. భర్త అమెరికా పౌరుడైతే తక్కువ పడిన మొత్తానికి మూడు రెట్లు, గ్రీన్‌కార్డు మాత్రమే ఉన్నవాడైతే అయిదు రెట్లు విలువ చేసే ఆస్తి చూపాలి. అది ఏడాదిలోగా అమ్మి సొమ్ము చేసుకోగలిగినదై ఉండాలి. వానకు ఆకాశం వైపు చూసే చేను ఏడాదిలో ఏ ధరకు అమ్ముడుపోతుందో మీకే తెలియాలి! ఇంతకూ చెప్పవచ్చేదేమిటంటే, ఆ లెక్కలో భార్య పేర ఉన్న ఆస్తి భార్య పేరనే ఉంచి చూపవచ్చు. భర్త పేరుకు మార్చమని ఏ ఫారమూ అడగదు. కాబట్టి 'అమెరికా వాళ్లు అడుగుతున్నారు' అన్న మాట వినగానే ఏ ఫారం, ఏ పేజీ అని అడగండి. తండ్రి చేత పాసు పుస్తకం బయటికి తీయించేముందు ఆ ఒక్క ప్రశ్న అడిగించండి.

భర్త ఆదాయం చాలకపోతే ఇంకో దారి కూడా ఉంది. ఉమ్మడి పూచీదారు. అతను అమెరికా పౌరుడో గ్రీన్‌కార్డు ఉన్నవాడో అయి, అక్కడే నివసిస్తుండాలి. అనంతపురంలో ఉన్న మామగారు ఎంత ఆస్తిపరుడైనా ఉమ్మడి పూచీదారు కాలేడు. మామూలుగా భర్త స్నేహితుడో, బావమరిదో, అదే ఊరినుంచి వెళ్లిన వాడో 'ఒక సంతకమే కదా' అని పెడతాడు. ఆ సంతకంతో అతను కూడా భర్తతో సమానంగా బాధ్యుడవుతాడు. ఆమె అతని మీదా దావా వేయవచ్చు.

ఆ ఫారంలోనే ఇంకో గడి ఉంది. ఇంతకు ముందు ఇదే విధంగా ఎవరికైనా పూచీ పడి, ఆ పూచీ ఇంకా నడుస్తుంటే వాళ్ల సంఖ్య రాయాలి. కుటుంబ సభ్యుల లెక్కలో వాళ్లూ చేరతారు. మొదటి భార్యను ఇలా తీసుకుపోయి వదిలేసినవాడు, ఇక్కడికొచ్చి 'మొదటి సంబంధం' అని చెప్పుకుంటూ రెండో పెళ్లి చేసుకుంటే, నిజం చెప్పవలసి వచ్చే చోటు ఆ గడి. తల్లిదండ్రులకు పూచీ పడినా అక్కడ సంఖ్య వస్తుంది కాబట్టి ఆ ఒక్కటి చూసి తొందరపడి తీర్పు చెప్పకూడదు. కానీ ఆ సంఖ్య ఎవరిదని అడిగే హక్కు పెళ్లికూతురికి ఉంది.

ఇప్పుడు ఈ పత్రం ఎవరికి దొరకదో చెప్పాలి. లేకపోతే మీరు మీ ఊళ్లకు పోయి అందరికీ ఉందని చెబుతారు. మన ఆడపిల్లల్లో ఎక్కువమంది అమెరికా పోయేది ఈ దారిలో కాదు. భర్త హెచ్-1 ఉద్యోగ వీసా మీద ఉంటాడు, ఆమె హెచ్-4 మీద పోతుంది. అందులో ఈ పూచీ ఒప్పందం లేదు. తర్వాత భర్త కంపెనీ ద్వారా గ్రీన్‌కార్డు వస్తే అతనితో పాటు ఆమెకూ వస్తుంది. అందులోనూ సాధారణంగా ఐ-864 ఉండదు. 2015 మే వరకు హెచ్-4 భార్యలకు ఉద్యోగం చేసుకునే అనుమతి కూడా లేదు. ఆ తర్వాత కూడా కొందరికే వచ్చింది. ఇంజనీరింగ్ చదివిన అమ్మాయి నాలుగ్గోడల మధ్య, సొంత బ్యాంకు ఖాతా కూడా లేకుండా ఏళ్లు గడిపిందంటే అది ఆమె చేతకానితనం కాదు. ఆమె వీసా మీద రాసి ఉన్న షరతు. భర్త పౌరుడో గ్రీన్‌కార్డుదారో అయి, భార్య కోసం విడిగా దరఖాస్తు పెట్టినప్పుడే పూచీ పత్రం వస్తుంది. అందుకే కేసు మీ దగ్గరికి రాగానే మొదట అడగవలసింది 'ఏ వీసా?' అని.

రెండో సంగతి. వీసా వచ్చి ఆమె అక్కడ శాశ్వత నివాసిగా అడుగుపెట్టిన తర్వాతే ఒప్పందం ప్రాణం పోసుకుంటుంది. పెళ్లి చేసుకుని, పది రోజులుండి, 'కాగితాలు పెట్టాను, వస్తాయి' అని చెప్పి పోయి, మళ్లీ ఫోను ఎత్తని వాళ్ల భార్యలు ఈ జిల్లాలో ఉన్నారు. వాళ్లకు ఈ పత్రం ఏమీ ఇవ్వదు. వాళ్లు ఇక్కడి చట్టాల కింద, ఇక్కడి కోర్టుల్లోనే పోరాడాలి.

మూడో సంగతి కదిరి ఆడవాళ్లది. కదిరి నుంచి, కడప నుంచి కువైట్‌కు ఇంటిపనికి పోయే వాళ్ల గురించి మీకు నాకంటే ఎక్కువ తెలుసు. అక్కడ కూడా పూచీ ఉంది. కానీ ఆమెకు పూచీ పడేది ఆమె యజమాని. ఆమె ఎవరికీ పూచీ పడలేదు. కుటుంబాన్ని తెచ్చుకునే వీసాకు 2024 జనవరిలో కువైట్ పెట్టిన కనీస జీతం నెలకు 800 దినార్లు. ఇంటిపని కార్మికులకు 2016లో నిర్ణయించిన కనీస వేతనం 60 దినార్లు. అసలు ఇంటిపని వీసా మీద ఉన్నవాళ్లకు ఆ దారే మూసేశారు. ఆమె పంపే డబ్బుతో ఇక్కడ భర్త, పిల్లలు, అత్తమామలు బతుకుతారు. అయినా 'నా భర్త పోషణకు నాది పూచీ' అని ఆమె చేత రాయించుకునే ఫారం లేదు. నిజానికి ఆ పూచీ ఆమె ప్రతి నెలా పడుతూనే ఉంది. సంపాదించే మగవాడి మీద ఆధారపడే ఆడది అనే బొమ్మను ముందు గీసుకుని ఈ చట్టాలు రాశారు. ఆ బొమ్మలో ఇమడని ఆడవాళ్లకు అందులో చోటు దొరకలేదు.

అమెరికా కోర్టులు ఈ ఒప్పందాన్ని ఎలా చూశాయన్నది కొంచెం చెప్పాలి. 2012లో ఒక ఫెడరల్ అప్పీలు కోర్టు ముందు భర్త తరఫున వచ్చిన వాదం, ఆమె ఉద్యోగం వెతుక్కోవడం లేదు కాబట్టి ఇవ్వనక్కర్లేదని. కోర్టు ఒప్పుకోలేదు. పూచీ పడినవాడు ఆ కారణం చెప్పి తప్పించుకోలేడంది. 2016లో ఇంకో అప్పీలు కోర్టు, పెళ్లికి ముందు 'విడిపోతే ఏమీ అడగను' అని రాసుకున్న ఒప్పందం కూడా ఈ పూచీని రద్దు చేయదంది. 2017లో కాలిఫోర్నియా అప్పీలు కోర్టు, విడాకుల కేసు నడుస్తున్న రాష్ట్ర కోర్టులోనే భార్య ఈ పూచీని అమలు చేయమని అడగవచ్చంది. గెలిస్తే లాయరు ఖర్చులు కూడా రాబట్టుకునే వీలు చట్టంలో ఉంది. డబ్బు లేని మనిషికి ఆ ఒక్క వాక్యం చాలా ముఖ్యం.

మన వైపు చూస్తే, విదేశీ విడాకుల సంగతి తేల్చిన పెద్ద తీర్పు రాయలసీమ పెళ్లి మీదే వచ్చింది. 1975లో తిరుపతిలో పెళ్లయిన దంపతులు. భర్త అమెరికాలోని మిస్సోరి రాష్ట్ర కోర్టులో విడాకులు తెచ్చుకుని ఇక్కడ మళ్లీ పెళ్లి చేసుకున్నాడు. 1991లో సుప్రీం కోర్టు, వై. నరసింహారావు వర్సెస్ వై. వెంకటలక్ష్మి కేసులో, ఆ విడాకులు ఇక్కడ చెల్లవంది. దంపతుల పెళ్లి ఏ చట్టం కింద జరిగిందో ఆ చట్టం ఒప్పుకునే కారణం మీద, భార్య ఆ కోర్టు అధికారానికి స్వచ్ఛందంగా లోబడి వాదించినప్పుడు విదేశీ తీర్పును గుర్తించవచ్చని మార్గం చెప్పింది. కాబట్టి 'అక్కడ విడాకులైపోయాయి, ఇంకేం మిగల్లేదు' అని ఈ-మెయిల్లో కాగితం పంపినవాడి మాట రెండు వైపులా అబద్ధం కావచ్చు. ఇక్కడ విడాకులే చెల్లకపోవచ్చు. అక్కడ చెల్లినా పూచీ పోదు.

ఇందాక గుర్తుపెట్టుకోమన్న దానికి వస్తున్నాను. ఆమె హోదా పోగొట్టుకుని దేశం విడిచిపెడితే పూచీ తెగుతుంది. ఇప్పుడు మీకు తెలిసిన కథలు తలుచుకోండి. 'అమ్మను చూసొద్దాం పద' అని తీసుకొస్తాడు. వారం తర్వాత ఆమె పాస్‌పోర్టు, గ్రీన్‌కార్డు తీసుకుని ఒక్కడే విమానం ఎక్కుతాడు. మనం దాన్ని మోసం అంటాం, వదిలేయడం అంటాం. అది నెమ్మదిగా ఆమె హోదాను, దానితో పాటు అతని పూచీని చంపే పద్ధతి కూడా. అతనికి ఆ లెక్క తెలిసి చేస్తాడో తెలియక చేస్తాడో గాని ఫలితం ఒకటే. ఇక్కడ మన పని రోజుల లెక్క మీద నడుస్తుంది. ఆమె అక్కడినుంచి బయలుదేరిన తేదీ నుంచి ఏడాది దాటకుండా తిరిగి వెళ్లగలిగితే దారి చాలావరకు తెరిచే ఉంటుంది. కార్డు పోయిందనో, లాక్కున్నారనో చెప్పి విమానం ఎక్కడానికి తాత్కాలిక అనుమతి కాగితం కోసం అమెరికా కాన్సులేట్‌లో దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఏడాది దాటితే, తన చేతిలో లేని కారణాల వల్ల ఆగిపోయానని రుజువు చేసుకుని వేరే వీసా అడగాలి. అది కష్టమైన దారి. కార్డు లాక్కున్న రోజునే పోలీసు స్టేషన్లో ఫిర్యాదు రాసి రసీదు తీసుకుంటే ఆ రుజువు ఉంటుంది. పెద్దమనుషులు 'కొంచెం ఓపిక పట్టమ్మా, వాడే పిలిపించుకుంటాడు' అంటూ ఎనిమిది నెలలు తినేస్తారు. ఆ ఎనిమిది నెలలు ఎవరి ఖాతాలోంచి పోతున్నాయో పంచాయితీలో మీరు గట్టిగా చెప్పండి. హోదా వదులుకుంటున్నానని ఐ-407 అనే ఫారం మీద సంతకం పెట్టమంటే, లాయరుకు చూపకుండా పెట్టవద్దని ఆమెకు చెప్పండి.

ఆమె తిరిగి వెళ్లదలచుకోలేదు అనుకోండి. అది కూడా ఆమె ఇష్టమే, మనం తోయకూడదు. అప్పుడైనా ఆ పత్రం పనికొస్తుంది. భరణం కేసుల్లో మన వాళ్లకు ఎదురయ్యే మొదటి గోడ ఏమిటి? అతను ఎక్కడుంటాడో తెలియదు, ఎంత సంపాదిస్తాడో తెలియదు. "యాడుంటాడో కూడా చెప్పలేదక్కా, ఏదో టెక్సాస్ అన్నాడు" అని నాతో అన్న అమ్మాయి అమాయకురాలు కాదు, ఆమెకు చెప్పకుండా ఉంచారు. కోర్టులో అతని తరఫున 'ఉద్యోగం పోయింది, ఆదాయం లేదు' అని అఫిడవిట్ వస్తుంది. పూచీ పత్రంలో అతని చిరునామా ఉంది, ఉద్యోగం ఉంది, ఏడాది ఆదాయం ఉంది, వెంట పన్ను రిటర్ను ఉంది. ఇవన్నీ నిజమని అతనే ప్రమాణం చేసి సంతకం పెట్టాడు. చిరునామా మారితే 30 రోజుల్లో ఆ ప్రభుత్వానికి తెలియజేయవలసిన బాధ్యత కూడా అతనిదే. 2020లో సుప్రీం కోర్టు రజ్నేష్ వర్సెస్ నేహ కేసులో భరణం అడిగినప్పుడు ఇద్దరూ ఆదాయం, ఆస్తుల వివరాలు ప్రమాణపూర్వకంగా ఇవ్వాలంది. ఆ వివరాల పక్కన ఈ పత్రాన్ని పెట్టి చూడమని మన లాయర్లకు చెప్పాలి. మన జిల్లా కోర్టుల్లో ఈ ఫారం పేరు విన్న లాయర్లు నాకు ఎక్కువమంది తగల్లేదు. అది వాళ్ల తప్పని కూడా అనను, ఎవరూ తెచ్చి చేతిలో పెట్టలేదు.

రైతు ఆత్మహత్యల తర్వాత వితంతువులు జీవో 421 కింద పరిహారం కోసం తిరిగిన రోజులు మీలో పెద్దవాళ్లకు గుర్తుంటాయి. అప్పు నోటు లేకపోతే అప్పే లేదన్నారు. పాసు పుస్తకంలో పేరు లేకపోతే అతను రైతే కాదన్నారు. అప్పటినుంచి మన కార్యకర్తలు ఏ ఇంటికి పోయినా ముందు ట్రంకు పెట్టె తెరిపించి కాగితాలు చూడటం నేర్చుకున్నారు. విదేశీ సంబంధం కుదిరిన ఇంట్లో కూడా అదే చేయండి. ఇంటర్వ్యూకు పోయేముందే కట్ట విప్పి, పూచీ పత్రం మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా రెండు జిరాక్సులు తీయించండి. కంప్యూటర్లో పంపించినా సరే, అచ్చు తీయించండి. ఒకటి అమ్మాయి దగ్గర, ఒకటి తల్లి దగ్గర. తండ్రి దగ్గర వద్దని నేను అనడం లేదు గాని, రాజీ కుదిర్చే రోజున కాగితాలు మొదట తండ్రుల దగ్గరే మాయమవడం నేను చూశాను.

ఆ ఫారంలో 'ఒప్పందం' అనే భాగాన్ని తెలుగులో రాసి తెచ్చాను. పెద్దదేమీ కాదు, భోజనాల తర్వాత గట్టిగా చదువుకుందాం. గుంతకల్లు, ధర్మవరం నుంచి వచ్చినవాళ్ల దగ్గర రెండు కేసుల కాగితాలున్నాయని విన్నాను. వాటిలో తేదీలు చూడాలి, ముఖ్యంగా ఎవరు ఏ రోజు ఇండియాకు వచ్చారో. ఏడాదికి ఇంకా ఎన్ని రోజులున్నాయో ముందు లెక్కపెడదాం, మిగతా చర్చ తర్వాత.